ఎయిర్‌పోర్టు మూసేస్తే సరిపోతుందా?

2025 జూన్ 12న అహ్మదాబాద్‌లో విమానం కూలాక ఓ వారం రోజులు మా కుటుంబం వాట్సాప్ గ్రూపులో గుడ్ మార్నింగ్ పువ్వులు కూడా ఆగిపోయాయి. విమానంలో 241 మంది, అది పడిన మెడికల్ కాలేజీ హాస్టల్ దగ్గర నేలమీద ఉన్నవాళ్లు 19 మంది. మధ్యాహ్నం భోజనాల వేళ. మెస్‌లో కంచాలు అన్నంతో సహా అలాగే ఉన్న ఫోటో మీరూ చూసే ఉంటారు. నాకైతే రెండు రోజులు ముద్ద దిగలేదు.

మా పెదనాన్నగారి అబ్బాయి "ఊళ్ల మధ్య ఉన్న ఎయిర్‌పోర్టులన్నీ మూసి పారేయాలి" అని గ్రూపులో పెట్టాడు. కింద వరసగా దండాలు, బొటనవేళ్లు. నేనొక్కదాన్నే "మూసేస్తే జనం ఎలా ప్రయాణం చేస్తారో ఆలోచించావా అన్నయ్యా?" అని రాశాను. "నువ్వు వంట చూసుకో" అని అనలేదు గానీ, దానికి బాగా దగ్గరగా ఉండే ఓ నవ్వు బొమ్మ పెట్టాడు. సరే, గ్రూపులో పెద్ద పెద్ద మెసేజ్‌లు ఎవరూ చదవరు. ఇక్కడైతే మీరున్నారు.

ఈ విషయంలో నాకో అభిప్రాయం ఉండటానికి కారణం కోజికోడ్. మావారి బ్యాంకు ఉద్యోగం మూలంగా 2018 నుంచి 2023 దాకా అక్కడున్నాం. పాత పేరు కాలికట్. ఊరికి దాదాపు 30 కిలోమీటర్ల దూరంలో, మలప్పురం జిల్లా కరిపూర్‌లో ఎయిర్‌పోర్టు. 1988లో మొదలైంది. గుట్ట తల నరికి చదును చేసి, దానిమీద రన్‌వే వేశారు. రెండు కొసల్లోనూ కింద లోయే. ఇలాంటివాటిని టేబుల్‌టాప్ అంటారు. మంగుళూరుదీ ఇదే బాపతు.

మా పక్కింటావిడ నాకంటే పన్నెండేళ్లు పెద్ద. అక్కడి ముస్లిం ఇళ్లలో అక్కని "ఇత్తాత్త" అంటారు. నేనూ అలాగే పిలిచేదాన్ని. ఆవిడ నన్ను "మోళే" అనేది, అంటే మన "అమ్మాయీ" అన్నట్టు. నా మలయాళం ఉప్పూ పంచదార అడగడం దగ్గరే ఆగిపోయింది. ఆవిడకి హిందీ బాగా వచ్చు, కొన్నాళ్లు షార్జాలో ఉండి వచ్చింది కాబట్టి. వాళ్లాయన ఇంకా అక్కడే ఓ సరుకుల కొట్లో పని. రెండేళ్లకోసారి రెండు నెలలు వచ్చేవాడు. ఓ రోజు పనసగింజలు ఒలుస్తూ లెక్క చెప్పింది. "పెళ్లయి ఇరవై నాలుగేళ్లు మోళే, మేం కలిసున్న రోజులన్నీ పోగేస్తే మూడేళ్లు కావు." ఏడుస్తూ చెప్పలేదు, పాలవాడి లెక్క చెప్పినంత మామూలుగా చెప్పింది. మన కడపలో, కోనసీమలో, కరీంనగర్‌లో ఈ లెక్క వేళ్ల మీద చెప్పగల ఆడవాళ్లు ఎంతమందో.

వాళ్లకి ఎయిర్‌పోర్టంటే మనలాగ ఎప్పుడైనా తిరుపతికో ఢిల్లీకో వెళ్లినప్పుడు చూసే చోటు కాదు. ఇంటి గడపలాంటిది. మనిషి వస్తున్నాడంటే జీపు కట్టించుకుని ఇంటిల్లిపాదీ వెళ్తారు, చంకన పిల్లలతో సహా. తాడుతో బిగించి కట్టిన అట్టపెట్టె మొదట కనబడుతుంది, దాని వెనక మనిషి. ఇత్తాత్త చిన్నకూతురు తండ్రిని మొట్టమొదట చూసింది కరిపూర్ గేటు దగ్గరే, ఏడాదిన్నర వయసులో. చూసి భయపడి ఏడ్చిందట.

2020 ఆగస్టు 7, శుక్రవారం. కరోనా రోజులు. పొద్దుట్నించీ కుండపోత వాన. రాత్రి ఎనిమిది కాబోతుంటే ఇత్తాత్త తలుపు కొట్టింది. దుబాయ్ నుంచి వచ్చిన విమానం రన్‌వే దాటి లోయలోకి జారిపోయిందని. వందే భారత్ మిషన్ కింద మనవాళ్లని వెనక్కి తెస్తున్న విమానం, లోపల 190 మంది. వాళ్లాయన కూడా పేరు ఇచ్చుకుని వరస కోసం ఎదురుచూస్తున్నాడు. ఆ విమానంలో లేడని ఆవిడకి ఖచ్చితంగా తెలుసు, అరగంట క్రితమే ఫోన్లో మాట్లాడింది. అయినా మా మెట్ల మీద కూలబడి "ఆయన షార్జాలోనే ఉన్నాడు, ఆయన షార్జాలోనే ఉన్నాడు" అని నాకు చెబుతోందో తనకి తను చెప్పుకుంటోందో తెలియకుండా అంటూనే ఉంది.

వాళ్ల చెల్లెలు అత్తవారిది కరిపూర్ రన్‌వే కొసకి కూతవేటు దూరం. మరిది చప్పుడు విని, చొక్కా కూడా వేసుకోకుండా పరుగెత్తాడట. ఎవరికి కరోనా ఉందో, ఎవరికి లేదో చూడకుండా, ఇంధనం కారుతున్న విమానంలోంచి ఆ చుట్టుపక్కల వాళ్లే మనుషుల్ని బయటికి లాగారు. అంబులెన్సుల కోసం ఆగలేదు. ఆటోల్లో, సొంత కార్లలో పడుకోబెట్టుకుని తీసుకెళ్లారు. తల్లిదండ్రులు ఓ ఆసుపత్రిలో, పిల్లలు ఇంకో ఆసుపత్రిలో. "ఈ పాప ఎవరి పాప?" అని ఫోటోలు ఫోన్ల మీద ఫోన్లు తిరిగాయి. నడిరాత్రి వానలో రక్తం ఇవ్వడానికి జనం బారులు కట్టారు. ఆ తర్వాత వాళ్లందర్నీ క్వారంటైన్‌లో ఉండమన్నారు. మరిది పధ్నాలుగు రోజులు పశువుల కొట్టం పక్క గదిలో ఉన్నాడు. భార్య గుమ్మం బయట కంచం పెట్టి వచ్చేది.

21 మంది పోయారు. పైలట్లు ఇద్దరూ అందులోనే.

మర్నాటి నుంచే మొదలైంది, "మూసేయండి" అని. టీవీల్లో, పేపర్లలో, చివరికి హైకోర్టులో కూడా. ఆ మాట అనేవాళ్లు తెలివితక్కువ వాళ్లేం కాదు. మంగుళూరు ప్రమాదం తర్వాత, 2011లోనే కెప్టెన్ మోహన్ రంగనాథన్ అనే విమాన భద్రతా నిపుణుడు కరిపూర్ గురించి లేఖ రాశాడు. వానలో, వెనక నుంచి గాలి తోస్తున్నప్పుడు అక్కడ దిగనివ్వడం ప్రాణాలతో చెలగాటమని. తొమ్మిదేళ్ల తర్వాత అచ్చంగా అలాగే జరిగింది. అలాంటప్పుడు "చెబితే వినలేదు, ఇక మూసేయండి" అని ఎవరికైనా అనిపిస్తుంది. నాకు వాళ్ల కోపం అర్థమవుతుంది. అడిగినదానితోనే పేచీ.

ఇత్తాత్త ఆ చర్చలన్నీ చూసేది. ఓ సాయంత్రం టీవీ కట్టేసి నాతో అంది. "మూసేస్తే మా ఆయన రావడం మానేస్తాడా? నెడుంబస్సేరిలో దిగుతాడు. అక్కణ్ణించి నాలుగైదు గంటలు కారులో, అర్ధరాత్రి, నిద్ర మొహంతో ఉన్న డ్రైవరుతో. ఆ దారిలో చచ్చిపోతే టీవీలో వస్తుందా మోళే? పేపర్లో ఇంత ముక్క వస్తుంది, అంతే."

నెడుంబస్సేరి అంటే కొచ్చి ఎయిర్‌పోర్టు. ఆ మాటలోని నిజం నాకు రెండేళ్ల తర్వాత ఒంటికి అంటింది. చెబుతాను. దానికి ముందు, అసలా విమానం ఎందుకు జారిందో చెప్పాలి. మావారు ఆఫీసు కాగితాలు చదివినంత శ్రద్ధగా నేనీ రిపోర్టులు చదివాను. కరెంటు లేని మధ్యాహ్నాలు బోలెడు ఉండేవి.

కరిపూర్ ప్రమాదంపై విచారణ రిపోర్టు 2021 సెప్టెంబరులో వచ్చింది. విమానం మొదట ఓ వైపు నుంచి దిగబోయి, కుదరక మళ్లీ పైకి లేచింది. అది సరైన పనే. రెండోసారి అవతలి వైపు నుంచి వచ్చింది. వాన, వెనక గాలి. పైగా కెప్టెన్ ముందున్న అద్దానికి వైపరు సరిగ్గా పనిచేయడం లేదు. రన్‌వే పొడవు 8,858 అడుగులు. చక్రాలు నేలకి తగిలింది 4,438 అడుగులు దాటాక. అంటే సగం దారి గాల్లోనే అయిపోయింది. ఆఖరి నిమిషంలో పక్క సీట్లో ఉన్న కో పైలట్ "గో అరౌండ్" అన్నాడు, అంటే దిగొద్దు, మళ్లీ పైకి తీయండి అని. కెప్టెన్ తీయలేదు. మర్నాడు పొద్దున్న ఇంకో విమానం నడపాల్సి ఉంది ఆయన. కోజికోడ్‌లో కెప్టెన్లు చాలినంత మంది లేకపోవడాన్ని కూడా ఆ రిపోర్టు ఎత్తి చూపింది.

ఇప్పుడు మంగుళూరు చూడండి. 2010 మే 22, తెల్లారి ఆరు గంటల వేళ. అదీ దుబాయ్ నుంచే. 166 మందిలో 158 మంది పోయారు, 8 మంది మిగిలారు. అక్కడ 8 వేల అడుగుల రన్‌వేలో 5,200 అడుగులు దాటాక నేల తాకింది. ప్రయాణంలో కెప్టెన్ గంటన్నర పైగా నిద్రపోయాడు, గురక కూడా రికార్డయింది. లేచాక ఆ మత్తు ఇంకా వదల్లేదు. అక్కడా కో పైలట్ చెప్పాడు. ఒకసారి కాదు, మూడుసార్లు.

పదేళ్ల తేడాలో రెండు కొండలమీద ఒకే మాట, ఒకే రకంగా వినకపోవడం. నేనది చదివి పుస్తకం మూసేసి కాసేపు అలా కూర్చుండిపోయాను. పక్క సీట్లో కూర్చుని "ఏమండీ, కాస్త నెమ్మది" అనే అనుభవం ఉన్న ఏ ఆడదానికైనా ఆ గొంతు ఎలా ఉంటుందో వేరే చెప్పక్కర్లేదు కదా. గట్టిగా అంటే ఆయనకి చిరాకు, మెల్లిగా అంటే వినబడదు.

అలాగని ఎయిర్‌పోర్టు తప్పేమీ లేదని నేననడం లేదు. అదే తప్పు చదునైన చోట, పెద్ద రన్‌వే మీద జరిగితే విమానం బురదలోకి పోయి ఆగేదేమో. లోయ ఉన్నచోట క్షమాపణ లేదు. మేడ మీద పిట్టగోడ లేకపోతే పిల్లలు పడతారు. దానికి మేడని కూలగొట్టుకుంటామా? పిట్టగోడ కడతాం, కట్టేదాకా పిల్లల్ని పైకి పోనివ్వం. విమానాలకీ అలాంటి పిట్టగోడ ఉంది. రన్‌వే చివర అదనంగా వదిలే చదును నేల. దాన్ని రీసా అంటున్నారు. దానికి చోటు లేని చోట కొన్ని దేశాల్లో చక్రాల కింద నలిగిపోయే ఓ రకం మెత్తటి కాంక్రీటు దిమ్మెలు పరుస్తారు. గుంటలో బండి దిగబడినట్టు విమానం అందులో దిగబడి ఆగిపోతుంది. ఖర్చే, కాదనను. కానీ మూసేయడం ఖర్చు కాదని ఎవరన్నారు? ఆ బిల్లు ప్రయాణం చేసేవాళ్ల ఇళ్లకి వస్తుంది, అంతే తేడా. కరిపూర్‌లో ప్రమాదం తర్వాత పెద్ద విమానాలు ఆపేశారు. హజ్‌కి వెళ్లే ముసలివాళ్లు అక్కణ్ణించి చిన్న విమానాల్లో వెళ్లాలంటే కొచ్చి కంటే టికెట్టు చాలా ఎక్కువ. ఇత్తాత్త అత్తగారు జీవితమంతా రూపాయి రూపాయి దాచుకున్న మనిషి, ఆ తేడా విని నోరు నొక్కుకుంది.

ఇక మా ప్రయాణం సంగతి. 2022 జూలైలో మా ఆడపడుచు దుబాయ్ నుంచి ఇద్దరు పిల్లలతో వస్తానంది. దుబాయ్ నుంచి కరిపూర్‌కి నేరుగా విమానం ఉంది. దిగితే గంటలో ఇంట్లో ఉంటారు. మావయ్యగారు ససేమిరా అన్నారు. "వానాకాలంలో ఆ కొండమీదా? నా కూతురూ మనవలూ ఆ లోయ దగ్గర దిగడానికి వీల్లేదు. కొచ్చికి రమ్మను." నేను చెప్పి చూశాను, రిపోర్టు సంగతి కూడా చెప్పాను. ఆయన భయం ముందు నా అడుగుల లెక్కలు నిలబడలేదు. పెద్దాయన, మనవల మీద ప్రాణం. కొచ్చికే టికెట్లు తీశారు.

శనివారం మావారు రోజంతా బ్యాంకులో ఉండి, సాయంత్రం కారు తీశారు. మా అమ్మాయిని అత్తయ్యగారి దగ్గర వదిలి నేనూ ఎక్కాను. నూట యాభై కిలోమీటర్ల పైమాటే. వాన. విమానం అర్ధరాత్రి దాటాక ఏ గొడవా లేకుండా దిగింది. పెట్టెలు అందుకుని, పిల్లలకి పాలు పట్టించి బయల్దేరేసరికి రెండున్నర. ఆడపడుచూ పిల్లలూ వెనక సీట్లో ఒరిగి నిద్రపోయారు.

త్రిస్సూర్ దాటేదాకా బాగానే ఉంది. తర్వాత మావారు మాట్లాడటం మానేశారు. ఆయన మాట్లాడకపోతే నాకు భయం. కుట్టిప్పురం వంతెన దగ్గర "ఏమండీ, కాసేపు ఆపి టీ తాగుదాం" అన్నాను. "ఇంకెంత, గంటన్నర. ఆగితే ఇంకా మత్తు వస్తుంది" అన్నారు. పది నిమిషాలకి కారు కొద్దిగా కుడివైపు జరిగింది, ఎదురుగా లారీ హారన్. ఆయన సర్దుకున్నారు. "ఆపండి" అన్నాను మళ్లీ. "చూశాలే, నిద్రపోవట్లేదు నేను" అన్నారు, నిద్రపోయేవాళ్లు ఎప్పుడూ అనే మాటే.

ఆ ముందు వలాంచేరి దాటగానే వట్టప్పార వంపు ఉంటుంది. మలప్పురం వాళ్లని అడగండి, చెబుతారు. దిగుడులో మెలిక తిరిగే రోడ్డు, ట్యాంకర్లూ లారీలూ అక్కడ బోల్తా పడటం ఎన్నోసార్లు పేపర్లో చూశాను. అది వస్తోందని నాకు తెలుసు. మూడోసారి "ఆపండి" అనలేదు. చేత్తో నోరు మూసుకుని "నాకు వాంతి వస్తోంది" అన్నాను.

టక్కున ఆపారు. సీటు కవర్లు కొత్తవి.

రోడ్డు పక్క తట్టుకడ, అంటే మన బండి టీకొట్టు, అప్పుడే తెరుస్తున్నారు. ఆయన సీటు వెనక్కి వాల్చుకుని, టీ వచ్చేలోపే గురక పెట్టేశారు. నలభై నిమిషాలు పడుకున్నారు. నేను గొడుగు కింద నిలబడి ఆ టీ తాగాను, రెండోదీ తాగాను. ఆడపడుచు లేచి "వదినా, వచ్చేశామా?" అంది. లేదని చెప్పి పడుకోబెట్టాను. మంగుళూరు కో పైలట్‌కి వాంతి అనే ఉపాయం లేదు పాపం. పక్కనున్నవాళ్లు చెబితే పైకి తీసి తీరాలనే నియమం ఉంటే, తీసినవాళ్లని "ఎందుకు తిప్పావు, ఇంధనం దండగ, ఆలస్యం" అని ఎవరూ నిలదీయకుండా ఉంటే అంతకంటే పెద్ద పిట్టగోడ ఇంకోటి లేదని నా గట్టి నమ్మకం.

ఇంటికి చేరాక మావయ్యగారు "చూశావా, క్షేమంగా వచ్చారు" అన్నారు నాతో. నేను కాఫీ కలపడానికి లోపలికి వెళ్లాను.

ఒకచోట నిజంగానే మూసేశారు, అది కూడా చెప్పాలి. మన తెలుగువాళ్లు అమెరికాలో దిగే నెవార్క్ ఎయిర్‌పోర్టు. ఎడిసన్‌లో ఉండే మా పిన్ని కూతురు ఏటా అక్కణ్ణించే వస్తుంది. ఆ పక్కనే ఎలిజబెత్ అనే ఊరు. 1951 డిసెంబరు నుంచి 1952 ఫిబ్రవరి మధ్య రెండు నెలల్లో మూడు విమానాలు ఆ ఊళ్లో పడ్డాయి. వందమందికి పైగా పోయారు, ఇళ్లల్లో ఉన్నవాళ్లతో సహా. మూడోది పడిన రాత్రే ఎయిర్‌పోర్టు మూసేశారు. నేనా ఊళ్లో ఉంటే నేనూ రోడ్డు మీదికి వచ్చి మూయమనే దాన్ని, అబద్ధం ఎందుకు. విమానాలు న్యూయార్క్ వైపు ఎయిర్‌పోర్టులకి మళ్లాయి. అక్కడా ఇళ్లున్నాయి, అక్కడా పిల్లలున్నారు. ఆ నవంబరులో నెవార్క్ మళ్లీ తెరిచారు. మధ్యలో అధ్యక్షుడు ట్రూమన్ ఓ సంఘం వేశాడు. రన్‌వే కొసల్లో ఖాళీ నేల ఉండాలని, అక్కడ ఇళ్లు కట్టనివ్వొద్దని ఆ సంఘం చెప్పింది. ఆ తొమ్మిది నెలల్లో పనికొచ్చింది తాళం వేయడం కాదు, ఈ మాట.

మా పుట్టిల్లు సికింద్రాబాద్ బోయిన్‌పల్లి కాబట్టి ఇంకోటి కూడా చెప్పి ఊరుకుంటాను. 2008 మార్చిలో బేగంపేట నుంచి ప్రయాణికుల విమానాలన్నీ శంషాబాద్ వెళ్లిపోయాయి. "హమ్మయ్య, ఇక చప్పుడుండదు" అని అమ్మ మేడమీద వడియాలు పెట్టుకుంది. రెండేళ్లు తిరక్కుండా, 2010 మార్చి 3న, బేగంపేటలో విమానాల ప్రదర్శన జరుగుతుంటే విన్యాసాలు చేస్తున్న నౌకాదళం విమానం ఒకటి మా బోయిన్‌పల్లిలోనే ఓ భవనం మీద పడింది. అందులో ఉన్న ఇద్దరూ చనిపోయారు. మూసేసిన ఎయిర్‌పోర్టు అనుకున్నాం మేమంతా.

ఇంతా చెప్పి, నా వాదన ఎక్కడ ఇబ్బంది పడుతుందో చెప్పకపోతే మీకు అన్యాయం చేసినట్టు. పిట్టగోడ కట్టాలంటే చోటు కావాలి కదా. కరిపూర్‌లో రీసా పెంచడానికి మొదట రన్‌వేనే కత్తిరిద్దామన్నారు. అప్పుడు విమానాలు ఇంకా తగ్గిపోతాయని జనం గగ్గోలు పెట్టారు. చివరికి రాష్ట్ర ప్రభుత్వం దాదాపు 14.5 ఎకరాలు సేకరించి ఇచ్చింది. 14.5 ఎకరాలు అని పేపర్లో చదివితే ఖాళీ పొలం అనిపిస్తుంది. కేరళలో ఖాళీ పొలం ఎక్కడుంది? ఇళ్లూ బావులూ కొబ్బరిచెట్లూనూ.

అందులో ఇత్తాత్త చెల్లెలి ఇల్లు ఒకటి. ఆ రాత్రి చొక్కా లేకుండా పరుగెత్తిన మరిది ఇల్లే.

2023లో మాకు హైదరాబాద్ బదిలీ వచ్చాక, సామాను కట్టేముందు ఇత్తాత్త నన్ను వాళ్లింటికి తీసుకెళ్లింది. రాళ్లు పాతారు అప్పటికే. ఆవిడ మామగారు గల్ఫ్‌లో సంపాదించి కట్టిన ఇల్లు, ఎర్రగచ్చు నేల, వంటింటి వెనక బావి. డబ్బు ఇస్తారు, సరిపోతుందో లేదో వేరే గొడవ. నేను వంటింట్లో పీట మీద కూర్చున్నాను. ఇత్తాత్త చెల్లెలు పనసతొనలు తీస్తూ నన్నడిగింది, ఇత్తాత్త హిందీలో చెప్పింది. "మూసేయకూడదని నువ్వు అంటావట కదా. మూసేస్తే మా ఇల్లు ఉండేది."

ఇత్తాత్త చెల్లెలి వైపు చూసి, నా వైపు చూసి, ఏమీ అనలేదు. ఆవిడ భర్త మరుసటి నెల అదే రన్‌వే మీద దిగాల్సి ఉంది.

నెవార్క్ సంగతీ, అడుగుల లెక్కలూ ఆవిడకి చెప్పాలనిపించలేదు నాకు. ఇప్పటికీ నేను మూయకూడదనే అంటాను. కానీ ఆవిడ అడిగినదానికి జవాబు మాత్రం ఆ రోజూ లేదు, ఈ రోజూ నా దగ్గర లేదు. నూనె రాసుకున్న చేత్తో ఆవిడ తొనలు ఒక్కొక్కటీ నా పళ్లెంలో వేస్తూనే ఉంది. వెళ్లేటప్పుడు గింజలు కూడా కవర్లో కట్టి ఇచ్చింది, హైదరాబాద్‌లో దొరకవని.